ఆ వీడియోలు పంపడం ఆపుదాం

సంపాదకుడు గారికి,

స్కూలు, ఇంటర్ పిల్లలు తోటివాళ్లను కొడుతున్న వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో తరచూ కనిపిస్తున్నాయి. ‘కాలం ఎలా చెడిపోయిందో చూడండి’ అంటూ వాటిని పంపేది ఎక్కువగా పెద్దవాళ్లమే! బాలన్యాయ చట్టం (2015) 74వ సెక్షన్ ప్రకారం దెబ్బలు తిన్న పిల్లవాడిదైనా, కేసులో ఉన్న పిల్లవాడిదైనా గుర్తింపు బయటపెట్టకూడదు. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఒక కామెంట్, దాని స్క్రీన్‌షాట్ చాలు గొడవ మొదలవడానికి. వందమంది చూస్తున్నారంటే ఆ వయసులో వెనక్కి తగ్గడం పరువు సమస్య అయిపోతుంది. దెబ్బలు మానినా వీడియో మాత్రం ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. ఆ అవమానం భరించలేక చదువు మానేసే పిల్లల గురించి ఆలోచిస్తే గుండె తరుక్కుపోతుంది.

కొట్టినవాడికి టీసీ ఇచ్చి పంపేస్తే కాలేజీకి టెన్షన్ తీరుతుందేమో, వాడి కోపం తీరదు. ర్యాంకుల కోసం ఇన్ని పరీక్షలు పెట్టే కాలేజీలు ఒక్క కౌన్సెలర్‌ను పెట్టలేవా? 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు ప్రతి తరగతి గదిలో రాయించాలి. పత్రికలు, చానళ్లు కూడా ముఖాలు మసకచేసి సరిపెట్టకుండా, అలాంటి దృశ్యాలను అసలు చూపించవద్దని నా విన్నపం.

— ఒక ఉపాధ్యాయురాలు, తెనాలి