మా కంప్యూటరుకు అందని మెమరీ వేగానికి తీసుకున్న అదనపు సొమ్ము గురించి ఫిర్యాదు

విజయవాడ,
2024 జూలై 8.

వినియోగదారుల సేవా విభాగం మేనేజరు గారికి,

విషయం: పనిచేసే వీలులేని మెమరీ వేగానికి రూ. 1,900 అదనంగా వసూలు చేసినందున మెమరీని మార్చి ఇవ్వవలసిందిగా కోరుట.

సూచిక: 2024 మే 18 నాటి మీ బిల్లు, మే 29, జూన్ 21 తేదీల్లో మీ సహాయ కేంద్రంతో నేను ఫోనులో మాట్లాడిన మాటలు.

అయ్యా,

నేను విజయవాడ గవర్నరుపేటలో ఇరవై రెండేళ్లుగా డీటీపీ సెంటరు నడుపుతున్నాను. బడి పిల్లల గైడ్లు, సంఘాల సావనీర్లు, శుభలేఖలు, ఈ ఆరేడేళ్లుగా పెళ్లి ఆల్బములు మా దగ్గర పేజీలు కట్టుకుని ప్రెస్సుకు వెళ్తాయి. జూన్ రెండో వారంలో బడులు తెరిచేలోపు గైడ్ల పని ముగించి ఇవ్వాలి కాబట్టి, పాత కంప్యూటరు మొరాయించడం మొదలుపెట్టగానే మే నెలలో మీ దగ్గర కొత్తది బిగింపించుకున్నాను. ఐ5-12400 ప్రాసెసరు, హెచ్610 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 రకం మెమరీ (ర్యామ్) అని మీతో అనుకున్నాను. విడిగా గ్రాఫిక్ కార్డు తీసుకోలేదు. ప్రాసెసరు గురించి గానీ, బోర్డు గురించి గానీ, మీరు సమయానికి పంపిన తీరు గురించి గానీ నాకు ఏ అసంతృప్తీ లేదు. నా ఫిర్యాదు మెమరీ గురించే.

ఆర్డరు ఇచ్చే రోజున మీ వెబ్‌సైటులో ఇదే బోర్డు కింద రెండు రకాల 16 జీబీ మెమరీలు చూపించారు. ఒకటి 3200 వేగం గల సాధారణ రకం, ధర రూ. 2,850. రెండోది 3600 వేగం గలది, పైన ఎర్రటి లోహపు తొడుగు ఉన్నది, ధర రూ. 4,750. రెండో దాని పక్కన డీటీపీ, ఫోటో ఎడిటింగ్ పనులకు తప్పనిసరి అని రాసి ఉంది. అయినా అనుమానం తీరక మీ సేల్స్ విభాగానికి ఫోను చేసి, నేను చేసేది పుస్తకాల పని, ఆల్బముల పని అని చెప్పి, ఈ రెండింటిలో ఏది తీసుకోమంటారని అడిగాను. "మీ పనికి 3600 తీసుకోండి సార్, తేడా మీకే తెలుస్తుంది" అన్నారు. ఆ మాట మీద నమ్మకంతోనే రూ. 1,900 ఎక్కువ పెట్టాను. ఏ బోర్డు మీద ఏది పనిచేస్తుందో అమ్మేవారికి తెలిసి ఉంటుందని అనుకోవడం తప్పని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు.

కంప్యూటరు వచ్చిన పది రోజులకు, ఆల్బము ఫైలు తెరిచినప్పుడల్లా పాత కంప్యూటరులాగే నత్తనడక నడుస్తుండటంతో, కంప్యూటరు పనితీరు చూపించే టాస్క్ మేనేజరు తెరిచి చూశాను. మెమరీ వేగం దగ్గర 2133 అని ఉంది. మే 29న ఫోను చేస్తే, బయోస్‌లోకి, అంటే కంప్యూటరు మొదలయ్యేటప్పుడు తెరిచే బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి, మెమరీని దాని మీద రాసిన వేగానికి తెచ్చే ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగు ఆన్ చేయమని మీ ప్రతినిధి చెప్పారు. అంటే 3600 అని డబ్బు తీసుకున్న మెమరీని, మీ దగ్గరే బిగించి, మీ దగ్గరే పరీక్షించి పంపిన కంప్యూటరులో, ఆ సెట్టింగు కూడా పెట్టకుండా పంపారన్నమాట. ఆయన చెప్పినట్టే చేశాను. అప్పుడు 3200 చూపించింది. అంతకు మించి పోలేదు. ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. సీపీయూ-జెడ్ వంటి సాఫ్ట్‌వేరులో సగం అంకె కనిపించడం చూసి మోసపోయామని కొందరు అనుకుంటారు. లోపలి గడియారం (క్లాక్) ఒక్కో టిక్కుకు రెండుసార్లు డేటా పంపే మెమరీ కాబట్టి అక్కడ సగం కనిపించడం సహజమని నాకు తెలుసు. నేను అడుగుతున్నది ఆ సగం గురించి కాదు, 3200కీ 3600కీ మధ్యనున్న తేడా గురించి.

జూన్ 21న మళ్లీ ఫోను చేస్తే, గైడ్ల పని ముగిసి కాస్త ఊపిరి పీల్చుకున్న సమయం కాబట్టి, బోర్డుతో వచ్చిన పుస్తకాన్ని దగ్గర పెట్టుకుని మాట్లాడాను. ఈ బోర్డులో డీడీఆర్4 మెమరీ గరిష్ఠంగా 3200 వేగంతోనే నడుస్తుందని అందులో అచ్చువేసి ఉంది. ఐ5-12400 ప్రాసెసరుకు తయారీదారు చెప్పిన డీడీఆర్4 పరిమితి కూడా 3200 మాత్రమే. ఈ సంగతి చదివి వినిపిస్తే మీ ప్రతినిధి, "అవును సార్, బోర్డు లిమిట్ అంతే, 3600 కావాలంటే బి660 బోర్డు తీసుకోవాలి" అన్నారు. అయితే మెమరీ వెనక్కి తీసుకోండి అంటే, ప్యాకింగు తెరిచిన వస్తువు వాపసు తీసుకోలేమన్నారు. ఆ ప్యాకింగు తెరిచింది మీ టెక్నీషియన్లు. ఆ మెమరీని నేను మొదటిసారి చూసిందే స్లాటులో బిగించి ఉండగా.

నా పనికి ఈ అదనపు వేగం ఏమాత్రం ఉపయోగపడుతుందో తేల్చుకోకుండా ఉత్తరం రాయడం న్యాయం కాదని, మా వీధిలోని ప్రెస్సు యజమానిని అడిగి ఆయన కంప్యూటరులోని రెండు సాధారణ 16 జీబీ 3200 మెమరీలు ఒక ఆదివారం తెచ్చుకున్నాను. 312 పేజీల సావనీరు ఒకటి, పేజీ పేజీకీ ఫోటోలున్నది, తీసుకుని పీడీఎఫ్ తీస్తూ ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టాను. మీరు పంపిన స్థితిలో, అంటే 2133 వేగంలో, 4 నిమిషాల 38 సెకన్లు పట్టింది. ఎక్స్‌ఎంపీ పెట్టి 3200కి తెచ్చాక 4 నిమిషాల 29 సెకన్లు. మీ మెమరీ తీసి దాని స్థానంలో ఆయన సాధారణ మెమరీ ఒక్కటి పెడితే 4 నిమిషాల 31 సెకన్లు. రూ. 1,900 అదనంగా పెట్టినందుకు నాకు మిగిలింది రెండు సెకన్లు. మూడేసి సార్లు చేసి చూసినా ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ తప్ప తేడా రాలేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో మీ విభాగంలో తెలియనివారు ఉండరు, అయినా కొనేవారికి ఎవరూ చెప్పడం లేదు కాబట్టి రాస్తున్నాను. మెమరీ మీద రాసే 3600, 3200 అంకెలు డేటా ఎంత వేగంగా ప్రవహిస్తుందో చెబుతాయి గానీ, అడిగిన డేటా మొదటి అక్షరం చేతికి రావడానికి పట్టే సమయాన్ని చెప్పవు. దానికి పక్కనే ఉండే సీఎల్ అంకె, అంటే అడిగాక ఎన్ని గడియార టిక్కులకు డేటా వస్తుందో చెప్పే అంకె, కూడా చూడాలి. సీఎల్‌ను 2000తో హెచ్చించి వేగంతో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. మీరు పంపిన 3600 మెమరీ సీఎల్ 18, అంటే 10 నానోసెకన్లు. మార్కెట్లో దొరికే 3200 సీఎల్ 16 మెమరీ కూడా సరిగ్గా 10 నానోసెకన్లే. ఆదివారం నేను తెచ్చుకున్న సాధారణ రకం 3200 సీఎల్ 22, అంటే 13.75 నానోసెకన్లు. తేడా లేదని అనను. ఉన్న ఆ కాస్త తేడాను ప్రాసెసరులోనే ఉండే క్యాష్ అనే చిన్న మెమరీయే చాలావరకు మింగేస్తుంది, పేజీలు కట్టే పనిలో అది కంటికి కనిపించదు.

ఇంతకన్నా నన్ను బాధించిన విషయం మరొకటి ఉంది. పక్క ప్యానెలు విప్పి చూస్తే రెండు స్లాట్లలో ఒకటే నిండి ఉంది, ఎర్ర తొడుగు పక్కన రెండో స్లాటు ఖాళీగా ఉంది. డీడీఆర్4లో ఒక్కో చానెలు, అంటే మెమరీకీ ప్రాసెసరుకూ మధ్యనున్న డేటా దారి, 64 బిట్ల వెడల్పు, అంటే ఒక్కోసారికి 8 బైట్లు. 3200 వేగంతో, అంటే సెకనుకు 320 కోట్ల సార్లు పంపుతూ, ఒక చానెలు సెకనుకు 25.6 జీబీ పంపగలదు. 3600 నిజంగా నడిచినా అది 28.8 జీబీ అయ్యేది, అంటే ఎనిమిదో వంతు పెరిగేది. అదే సాధారణ మెమరీలు రెండు పెట్టి రెండు చానెళ్లూ వాడితే 51.2 జీబీ, అంటే రెట్టింపు. విడిగా గ్రాఫిక్ కార్డు లేని నా కంప్యూటరులో తెరమీది బొమ్మ కూడా ఈ మెమరీ నుంచే నడుస్తుంది కాబట్టి రెండో చానెలు అవసరం నాకు ఇంకా ఎక్కువ. మీ వెబ్‌సైటు ధరల ప్రకారమే సాధారణ మెమరీలు రెండు కొంటే రూ. 5,700 అయ్యేది. నేను కట్టినదానికి మరో రూ. 950 కలిపితే 32 జీబీ వచ్చేది. నేను చేసే పనేమిటో చెప్పి మరీ అడిగినప్పుడు, మీ సేల్స్ విభాగం నాకు చెప్పవలసిన మాట అదే.

ఆ రెండు మెమరీలూ పెట్టి అదే ఆదివారం సాయంత్రం పెళ్లి ఆల్బము తెరిచాను. ఆల్బము షీటు ఒక్కొక్కటి 12 అంగుళాలకు 36 అంగుళాలు. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, అది 3,600కు 10,800 పిక్సెళ్లు, ఒక్క లేయరుకే దాదాపు 117 ఎంబీ. పది పన్నెండు లేయర్లున్న షీట్లు మూడు నాలుగు ఒకేసారి తెరిస్తే 16 జీబీ నిండిపోయి, ఫోటోషాపు మిగిలినదాన్ని డిస్కు మీద రాసుకోవడం మొదలుపెడుతుంది. ఎంత మంచి ఎస్‌ఎస్‌డీ అయినా జవాబిచ్చేది మైక్రోసెకన్ల లెక్కలో, మెమరీ జవాబిచ్చేది నానోసెకన్ల లెక్కలో. మైక్రోసెకను అంటే వెయ్యి నానోసెకన్లు. ఇరవై రోజులుగా పెళ్లికూతురు ముఖం మీద జూమ్ చేసిన ప్రతిసారీ తెర బిగుసుకుపోయి, గుండ్రం తిరుగుతూ ఉండటం చూసి విసిగిపోయిన నేను, ఆ సాయంత్రం షీటు వెంట షీటు ఆగకుండా తెరుచుకోవడం చూశాను. ఆ మెమరీలు మర్నాడు పొద్దున్నే తిరిగి ఇచ్చేయవలసి వచ్చింది.

వేగమైన మెమరీకి ఎక్కడా విలువ లేదని నేను అనడం లేదు. ఏఎండీ కంపెనీ రైజెన్ 5000 ప్రాసెసర్ల విషయంలో 3600 మెమరీ చక్కగా అమరుతుంది. ప్రాసెసరులోని గ్రాఫిక్సు మీదే ఆటలు ఆడేవారికి, పెద్ద ఫైళ్లను కంప్రెస్ చేసేవారికి అది ఉపయోగపడుతుంది. వారికి అమ్మండి, అందుకు తగిన బోర్డుతో అమ్మండి. 3200 దాటని బోర్డు కింద 3600 మెమరీని చూపించి, తప్పనిసరి అని రాసి, డబ్బు తీసుకోవడమే నేను తప్పుపడుతున్నది.

వస్తువు నాణ్యత, ప్రమాణం, ధర గురించి తెలుసుకునే హక్కు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం కొనేవారికి ఉంది. స్వయం ఉపాధి కోసం, జీవనోపాధి కోసం కొన్నవారు కూడా ఆ చట్టం కింద వినియోగదారులే. కాబట్టి డీటీపీ సెంటరు కోసం కొన్నానని నా ఫిర్యాదును పక్కన పెట్టడానికి వీలులేదు. మీతో కోర్టుకెక్కాలన్న కోరిక నాకు లేదు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయించి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయిస్తాను.

నేను కోరేది ఇది. మీరు పంపిన 3600 మెమరీని వెనక్కి తీసుకుని, దాని బదులు 3200 వేగం గల సాధారణ 16 జీబీ మెమరీలు రెండు, ఒకే రకానివి, ఇవ్వండి. మే 18 నాటి మీ ధరల ప్రకారం తేడా రూ. 950 నేను కడతాను. అది వీలుకాకపోతే సాధారణ మెమరీ ఒకటి ఇచ్చి రూ. 1,900 నా ఖాతాకు తిరిగి జమ చేయండి. దీనితోపాటు మీ వెబ్‌సైటులో హెచ్610 బోర్డు కింద 3600 మెమరీ చూపించేచోట, ఈ బోర్డులో ఇది 3200 వేగంతోనే నడుస్తుందని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. నాలాగే పని చేసుకునేవారు మా వీధిలోనే ఇంకా చాలామంది ఉన్నారు, వారిలో ఇద్దరు మీ దగ్గరే కొనాలని చూస్తున్నారు.

బిల్లు నకలు, టాస్క్ మేనేజరు తెరల ఫోటోలు, బోర్డు పుస్తకంలోని పేజీ ఫోటో ఈ ఉత్తరంతో జతచేశాను. మెమరీ తీసుకువెళ్లడానికి కొరియరు మనిషిని పంపేటప్పుడు ఉదయం పదకొండు లోపు గానీ, సాయంత్రం ఆరు తర్వాత గానీ పంపండి. మధ్యలో ప్రూఫుల కోసం వచ్చేవారితో సెంటరు నిండి ఉంటుంది, కంప్యూటరు ఆపడం కుదరదు. మార్పిడి మెమరీలను ఆ మనిషి చేతికే ఇచ్చి పంపితే, పాతది తీసి అప్పటికప్పుడే అప్పగిస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
డీటీపీ సెంటరు యజమాని,
గవర్నరుపేట, విజయవాడ.