నూరు శాతం వెనక ఎందరు పిల్లలు?

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడే హనుమకొండ నయీంనగర్ నుంచి నర్సంపేట బస్టాండ్ దాకా ఫ్లెక్సీలు లేస్తాయి. ‘నూటికి నూరు శాతం ఉత్తీర్ణత’ అన్న మాట పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. ఎంతమందికి నూరు శాతమో చిన్నక్షరాల్లో కూడా ఉండదు. జూన్ 12న బడులు తెరిచేలోపే ఆ ఒక్క అంకెను నమ్మి తల్లిదండ్రులు ఆరో తరగతి అడ్మిషన్లు ఖాయం చేసుకుంటున్నారు. జెడ్పీ హైస్కూళ్లను, ఆదర్శ పాఠశాలలను కూడా అదే తక్కెడలో తూస్తున్నారు. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చదివే మన ఉన్నత పాఠశాలల పనితీరు తెలియాలంటే అడగాల్సింది మరో ప్రశ్న: ఐదేళ్ల కింద ఆరో తరగతిలో చేరిన పిల్లల్లో ఎందరు పది దాకా నిలిచి పాసయ్యారు?

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక బడిలో ఆరో తరగతిలో 60 మంది చేరారనుకోండి. తొమ్మిదికి వచ్చేసరికి 45 మంది, పది పరీక్ష రాసింది 38 మంది. ఆ 38 మందీ పాసయ్యారు కాబట్టి ఫ్లెక్సీ మీద నూరు శాతం. పక్క ఊరి జెడ్పీ హైస్కూల్లో ఆరులో 50 మంది చేరారు, అందరూ నిలిచారు, తొమ్మిదిలో మరో 9 మంది బయటి నుంచి వచ్చి కలిశారు. పరీక్ష రాసిన 59 మందిలో 54 మంది పాసయ్యారు. ఫలితం 91.5 శాతం. పేపర్లో మొదటి బడి పైన ఉంటుంది, రెండోది కింద ఉంటుంది. కానీ చేరిన పిల్లల్లో మొదటి బడి ఒడ్డెక్కించింది 63 శాతాన్నే. మిగతా 22 మంది ఏమయ్యారో ఆ ఫ్లెక్సీ చెప్పదు.

రాష్ట్ర ఉత్తీర్ణత 2023లో 86.60 శాతం, 2024లో 91.31, 2025లో 92.78. 2024లో నిర్మల్ జిల్లా 99.05 శాతంతో, 2025లో మహబూబాబాద్ 99.29 శాతంతో రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచాయి. అడవి అంచు ఊళ్లు, తండాలు ఉన్న జిల్లాలు ఇంత సాధించడం చిన్న సంగతి కాదు. ఆ ఘనత పిల్లలది, సార్లది, మేడమ్‌లది. ఐతే ఆ శాతం కట్టేది పరీక్ష రాసినవాళ్ల మీద. తొమ్మిదిలోనే బడి మానేసిన పిల్ల ఆ లెక్కలో పాసూ కాదు, ఫెయిలూ కాదు.

పిల్లలు జారిపోయేది ఎక్కువగా తొమ్మిదో తరగతిలోనే. విద్యాహక్కు చట్టం రక్షణ ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. తొమ్మిది అర్ధసంవత్సర పరీక్షల తర్వాత కొన్ని ప్రైవేటు బడులు లెక్కలు, సైన్సులో వెనకబడ్డ పిల్లల తల్లిదండ్రులను పిలిచి ‘టీసీ తీసుకుపోండి, సర్కారు బడిలో ఐతే పాసైపోతాడు’ అని నచ్చజెబుతాయి. జెడ్పీ బడి తలుపు మూయదు, మూయకూడదు కూడా. వచ్చిన పిల్లవాడికి సరైన పునాది ఉండదు, చేతిలో ఏడాది కూడా ఉండదు. వాడు ఫెయిలైతే ఆ మచ్చ చేర్చుకున్న బడికి అంటుతుంది. సర్కారు బడులన్నీ కడిగిన ముత్యాలేం కావు. నెలల తరబడి రాని పిల్లల ఇంటికి పోయి అడగకుండా, నామినల్ రోల్స్‌లో, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితాలో, పేరు ఎక్కించకుండా శాతం కాపాడుకునే తీరు అక్కడా ఉంది. రెండూ ఒకే తప్పు.

అడ్మిషన్ దగ్గర జరిగే పొరపాట్లు పదో తరగతి దాకా వెంటాడతాయి కాబట్టి వాటి గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను. ప్రాథమిక పాఠశాల ఇచ్చే రికార్డ్ షీటు లేదా టీసీ, ఆధార్, కుల ధ్రువీకరణ, పెన్ నంబరు (ప్రతి విద్యార్థికి ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య) తీసుకుని ఆరో తరగతిలో చేర్చుకుంటారు. ఆ రోజు తల్లిదండ్రుల ఎదుట కూర్చుని మూడు విషయాలు సరిచూడాలి: ఇంటిపేరుతో సహా పిల్ల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. రికార్డ్ షీటులో ‘బానోతు’ అని ఉంటుంది, ఆధార్‌లో ‘బానోత్’ అని ఉంటుంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చివర ఒక్క ‘యు’ తేడా. ఆ పూటకు ఎవరూ పట్టించుకోరు. ఎనిమిదిలో స్కాలర్‌షిప్ దరఖాస్తు దగ్గర పోర్టల్ తిప్పికొడుతుంది, పదిలో నామినల్ రోల్ దగ్గర మళ్లీ ఇదే గొడవ. మెమో అచ్చయ్యాక దిద్దాలంటే బడి నుంచి డీఈఓ ఆఫీసుకు, అక్కడి నుంచి ప్రభుత్వ పరీక్షల విభాగానికి కాగితం నడవాలి. ఈలోపు పాలిసెట్, బాసర ట్రిపుల్ ఐటీ కౌన్సెలింగ్ తేదీలు దాటిపోతాయి.

పుట్టిన తేదీ దగ్గర ఇంకో తిప్పలు. ఆస్పత్రిలో కాక ఇంటి దగ్గర పుట్టిన పిల్లలకు చాలామందికి ఆధార్‌లో జనవరి 1 అని ఉంటుంది. రికార్డ్ షీటులో జూన్ తేదీ ఏదో ఉంటుంది. పంచాయతీ నుంచి జనన ధ్రువీకరణ తెచ్చి ముందు ఆధార్ దిద్దించుకోవడం మంచి పద్ధతి. అడ్మిషన్ రిజిస్టర్లో ఎర్రసిరాతో కొట్టేసి పైన రాసే అలవాటు మానుకోవాలి. అలాంటి కొట్టివేత ఉన్న పేజీని తనిఖీలో ఎవరూ నమ్మరు. తేదీని అంకెల్లోనే కాకుండా అక్షరాల్లో కూడా రాయాలి. రెండు పుట్టుమచ్చలు పిల్లను చూసి రాయాలి, ఊహించి కాదు.

ప్రైవేటు నుంచి వచ్చే పిల్లలకు ఫీజు బాకీ ఉందని పాత బడి టీసీ ఆపడం మామూలైపోయింది. ఎనిమిదో తరగతిలోపు పిల్ల ఐతే టీసీ ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోకపోవడం చట్టం ఒప్పదు. సెక్షన్ 5 ప్రకారం అడిగిన వెంటనే టీసీ ఇవ్వడం పాత బడి బాధ్యత. వయసు కాగితం లేదని వెనక్కి పంపడం సెక్షన్ 14 ప్రకారం కుదరదు. చాలామంది తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియక అప్పు చేసి మరీ బాకీ కడుతున్నారు. చేర్చుకున్నాక బడుల, పిల్లల వివరాలు నమోదు చేసే యూడైస్ ప్లస్ పోర్టల్‌లో ఇంకో చిక్కు వస్తుంది. పాత బడి పిల్ల పేరును డ్రాప్‌బాక్సులోకి, అంటే బడి వదిలిన పిల్లల జాబితాలోకి, వదిలితే తప్ప కొత్త బడి తన జాబితాలోకి లాక్కోలేదు. పిల్ల మన బెంచీ మీద కూర్చుని ఉంటుంది, కంప్యూటర్లో మాత్రం పాత బడిలోనే ఉంటుంది. అలాంటప్పుడు పెన్ నంబరు, పుట్టిన తేదీ, కొత్త అడ్మిషన్ నంబరు రాసిన కాగితం పట్టుకుని మండల రిసోర్స్ సెంటర్‌లో ఈ కంప్యూటర్ వివరాలు చూసే ఎంఐఎస్ కోఆర్డినేటర్‌ను కలవాలి. జూలైలో కలిస్తే తేలిగ్గా తెగుతుంది. అక్టోబరు దాకా ఉంచితే పదో తరగతి పిల్లల విషయంలో నామినల్ రోల్స్ నెత్తి మీదికొస్తాయి.

ఇక చదువు సంగతి. పదిలో ఎక్కువమంది తప్పేది లెక్కల్లో. ఆ తప్పు మొదలయ్యేది పదిలో కాదు, అడ్మిషన్ నాటికే. ఆరో తరగతి మొదటి వారంలో అరగంటలో ఒక్క కాగితం మీద పరీక్ష పెట్టి చూడండి. 5003లోంచి 1768 తీసేయమంటే 4765 అని రాసే పిల్లలు దండిగా కనిపిస్తారు. సున్నాలోంచి తీసేయడం రాక, ప్రతి స్థానంలో పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేశారన్నమాట. సరైన జవాబు 3235. 618ని 6తో భాగిస్తే 103 బదులు 13 అని రాస్తారు, మధ్యలో సున్నా పెట్టాలని తెలియక. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అంటే నాలుగో వంతే అంటారు. ఈ మూడూ దిద్దకుండా ఏడో తరగతి పూర్ణసంఖ్యల్లోకి దింపితే −3−5 దగ్గర ‘మైనస్ మైనస్ ప్లస్’ అని బట్టీపట్టిన సూత్రం తప్పుచోట వాడి 8 అని రాస్తారు. అదే పిల్ల పదిలో రెండు సమీకరణాలను సాధించేటప్పుడు గుర్తు మార్చలేక ఆగిపోతుంది. ఉన్నతి పేరుతో ఆరు నుంచి తొమ్మిది దాకా ఉన్న కార్యక్రమం ఉద్దేశం ఈ పునాది లోపాలు దిద్దడమే. దాన్ని ఫారాలు నింపే పనిగా మార్చకుండా జూన్, జూలై నెలల్లో రోజూ ఒక పీరియడ్ దీనికే కేటాయిస్తే పదో తరగతి చివర్లో పెట్టే స్పెషల్ క్లాసుల బరువు సగం తగ్గుతుంది.

ఇంగ్లిష్ మీడియంలోకి మారిన బడుల్లో పాఠ్యపుస్తకం ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. పిల్లలు తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుని, జవాబు ఇంగ్లిష్‌లో రాయబోయి ఆగిపోతారు. కసాగు అంటే చేసి చూపిస్తారు, అదే ఎల్‌సీఎం అని ప్రశ్నలో ఉంటే ముట్టుకోరు. పాఠం మొదట్లో పది మాటలు రెండు భాషల్లో బోర్డు మీద రాసి, పాఠం అయ్యేదాకా చెరపకుండా ఉంచితే చాలు.

ఇంటర్నల్ మార్కుల దగ్గర తల్లిదండ్రులకు పెద్ద భ్రమ ఉంది. పబ్లిక్ పరీక్ష 80 మార్కులకు, ఇంటర్నల్స్ 20కి. భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు ఒక్కోదానికి 5. చాలా బడులు అందరికీ 20కి 20 వేసేస్తున్నాయి. పిల్లకు లెక్కల పబ్లిక్ పరీక్షలో 25 వచ్చాయనుకోండి, కలిపితే 45. ‘35 దాటింది కదా, ఫెయిలెట్లా అయింది’ అని తండ్రి బడికొచ్చి నిలదీస్తాడు. లెక్కల్లో 80కి కనీసం 28 విడిగా రావాలన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. సైన్సులో రెండు పేపర్లూ కలిపి ఆ 28 చూస్తారు. స్లిప్ టెస్టులో 5కి 2 వచ్చిన పిల్లకు నిజంగా 2 వేస్తే జూలైలోనే ఇంట్లో తెలిసేది. దొంగ 20 పిల్లకు మేలు చేయడంలేదు, ముందుగా అందాల్సిన హెచ్చరికను మింగేస్తోంది.

హాజరు విషయంలో మన ప్రాంతపు క్యాలెండర్ వేరు. దసరా సెలవుల తర్వాత పత్తి ఏరడం మొదలౌతుంది. జనవరి దాటితే మిర్చి. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో, అంటే పబ్లిక్ పరీక్షకు నెలో నెలన్నరో ముందు వస్తుంది. ములుగు, భూపాలపల్లి వైపు బడులు ఆ వారం దాదాపు ఖాళీ. దీన్ని తప్పుపట్టి లాభం లేదు, సిలబస్‌ను ముందే దానికి తగ్గట్టు అమర్చుకోవాలి. పత్తి రోజుల్లో కొత్త అధ్యాయం మొదలుపెట్టకుండా పాతది తిరగేస్తే, పది రోజులు రాని పిల్ల తిరిగొచ్చాక అందుకోగలుగుతుంది.

ఆడపిల్లలు, మగపిల్లల హాజరు, ఫలితం విడివిడిగా చూసుకోని ఉమ్మడి బడికి తన లోపం ఎప్పటికీ కనిపించదు. 2025 ఫలితాల్లో రాష్ట్రంలో బాలికలు 94.26 శాతం, బాలురు 91.32. మగపిల్లలు తొమ్మిదిలో ట్రాక్టరు మీదికో, ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్‌కో పోయి వారానికి రెండు రోజులు గల్లంతౌతారు. ఆడపిల్లలు మిర్చి తోటకు పోతారు, లేదంటే తల్లి కూలికి పోతే చిన్నపిల్లను చూసుకుంటూ ఇంట్లో ఉంటారు. మరుగుదొడ్డికి గడియ, బకెట్టు, నీళ్లు లేని బడిలో ఆడపిల్లలు పొద్దుటినుంచి మంచినీళ్లే తాగరు. మధ్యాహ్నం తలనొప్పి అని బెంచీ మీద తల వాల్చేస్తారు. గది ఉంటే సరిపోదు, రోజూ ట్యాంకు నిండిందా అని చూసే మనిషి కావాలి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో తల్లులున్నారు, వాళ్లకు ఈ పని అప్పజెబితే బాగా జరుగుతుంది.

సాయంత్రం స్పెషల్ క్లాసుల టైం కూడా ఇలాంటిదే. ఆర్టీసీలో ఆడపిల్లలకు ప్రయాణం ఉచితమే, కానీ చలికాలంలో తండాకు పోయే చివరి బస్సు ఆరింటికి ముందే పోతే ఆ ఉచితం ఎందుకు? చివరి బస్సు టైం చూసుకుని క్లాసు పెట్టాలి, లేదంటే ఉదయం గంట ముందు పెట్టాలి. డిపో మేనేజర్‌కు ‘బస్సు కావాలి’ అని రాసే ఉత్తరం కంటే, ఏ స్టేజీ దగ్గర ఎందరు పిల్లలు దిగుతారో పట్టిక కట్టి ఇచ్చే ఉత్తరానికి విలువ ఎక్కువ.

ఎనిమిదో తరగతి జాతీయ ఉపకార వేతన పరీక్ష ఫలితం కూడా బడిని కొలిచే మంచి సాధనం. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటని సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలు రాయొచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా సంవత్సరానికి 12,000 రూపాయలు వస్తాయి. మానసిక సామర్థ్యం 90 ప్రశ్నలు, పాఠ్యాంశాలు 90 ప్రశ్నలు. ఎంపికైన పిల్లలు ఏటా పోర్టల్‌లో రెన్యువల్ చేయించుకోవాలి. అక్కడే పేర్ల తేడా మళ్లీ అడ్డుపడుతుంది, వచ్చిన డబ్బు ఆగిపోతుంది.

జిల్లా విద్యాశాఖను కోరేది ఇదీ. వచ్చే బడిబాట నాటికి ప్రైవేటు, సర్కారు తేడా లేకుండా ప్రతి ఉన్నత పాఠశాల గేటు దగ్గర ఒక పట్టిక పెట్టించండి. ఐదేళ్ల కింద ఆరులో చేరినవాళ్లు ఎందరు, మధ్యలో టీసీ తీసుకున్నవాళ్లు ఎందరు, వాళ్లలో గురుకులాలకో మరో బడికో చేరినవాళ్లు ఎందరు, ఎక్కడా చేరనివాళ్లు ఎందరు, కొత్తగా వచ్చినవాళ్లు ఎందరు, పరీక్ష రాసి పాసైనవాళ్లు ఎందరు. అన్నీ ఆడ, మగ వేరువేరుగా ఉండాలి. ఈ వివరాలన్నీ అడ్మిషన్ రిజిస్టర్‌లో, యూడైస్‌లో ఇప్పటికే ఉన్నాయి, కొత్తగా సేకరించాల్సిందేమీ లేదు. మీ పత్రిక కూడా ఈసారి ఫలితాల పేజీలో శాతం పక్కన ‘ఆరులో చేరినవారు’ అన్న ఒక్క నిలువు వరుస చేర్చి అచ్చువేయాలని మనవి.

— విశ్రాంత గెజిటెడ్ ప్రధానోపాధ్యాయుడు, హనుమకొండ