మత్తులో ఉన్న కుక్క ఊపిరిని ఎవరు చూస్తున్నారు?

సంపాదకుల వారికి,

అయ్యా,

వీధికుక్కల సంతాన నియంత్రణ శస్త్రచికిత్సలపై పత్రికల్లో వచ్చే వార్తల్లో ఇప్పటికి ఎన్నింటికి చేశారు, ఒక్కోదానికి ఎంత ఖర్చయింది, ఇంకా ఎన్ని మిగిలాయి అన్న లెక్కలు ఉంటాయి గాని, మత్తు సూది వేసింది మొదలు తిరిగి లేచి నిలబడే వరకు ఆ కుక్కను ఎవరు కనిపెట్టి ఉంటున్నారన్న ప్రస్తావన ఉండదు. ఇళ్లలో పెంచుకునే కుక్కల సంగతీ ఇంతే. ఆపరేషన్ చేసే డాక్టరు ఎవరు, కుట్లు ఎప్పుడు విప్పుతారు, ఎంత అవుతుంది అని అడిగే యజమానులు, మత్తులో ఉన్నంతసేపూ దాని ఊపిరిని చూసే మనిషి ఎవరని అడగడం అరుదు. విశ్రాంత పశువైద్యుడిగా ఆ ప్రశ్న ఎందుకు అడగాలో మీ పాఠకులకు వివరించడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఈ ప్రశ్నకు మన హైదరాబాద్‌తో పాత సంబంధమే ఉంది. 1888లో ఇక్కడి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వ మద్దతుతో, క్లోరోఫారం ప్రాణం తీసేటప్పుడు ముందు ఆగేది ఊపిరా, గుండెనా అని తేల్చడానికి కుక్కలపై ప్రయోగాలు జరిపించారు. ఊపిరే ముందు ఆగుతుందన్న ఆ నిర్ణయాన్ని లండన్‌లోని లాన్సెట్ వైద్యపత్రిక నమ్మకపోవడంతో, నిజాం 1,000 పౌండ్లు ఇచ్చి 1889లో లండన్ వైద్యుడు లాడర్ బ్రంటన్‌ను రప్పించి పరీక్షలు మళ్లీ చేయించారు. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి 490 జంతువులపై చూశామని, ప్రమాదమంతా ఊపిరాడకపోవడంలోను, మోతాదు మించడంలోను ఉందే గాని నేరుగా గుండెకు ఏమీ లేదని బ్రంటన్ తంతి పంపారు. అందులో గుండెకు సంబంధించిన మాట నిలవలేదు. తేలికపాటి క్లోరోఫారం మత్తులోనే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు పిల్లులపై నిరూపించారు. అన్నేసి మూగజీవాలను బలిపెట్టిన తీరును ఈనాడు ఎవరూ సమర్థించరు. అయినా మత్తు ఇచ్చేవారి చూపు ఊపిరి మీద ఉండాలని లారీ పట్టుబట్టిన నియమాన్ని తర్వాతి వైద్యమేదీ కొట్టివేయలేదు.

మెలకువగా ఉన్న కుక్క రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కొంచెం పెరిగినా మెదడులోని శ్వాసకేంద్రం వెంటనే పసిగట్టి ఊపిరిని పెంచుతుంది. ఐసోఫ్లురేన్ వంటి పీల్చే మత్తులు, మార్ఫిన్ జాతి నొప్పిమందులు ఈ స్పందనను మొద్దుబారుస్తాయి. మత్తు లోతయ్యే కొద్దీ ఆ మొద్దుతనం పెరుగుతుంది. మామూలుగా 35 నుంచి 45 మిల్లీమీటర్ల పాదరస మట్టంలో ఉండే కార్బన్ డయాక్సైడ్ పీడనం మత్తులో 50 దాకా వెళ్లడం తరచుగా చూసేదే. 60 దాటితే మాత్రం మత్తు తగ్గించి, గాలి సంచిని నొక్కుతూ ఊపిరి అందించాలి. దీనికి తోడు పక్కటెముకల మధ్య కండరాలు సడలుతాయి. ఆడకుక్క గర్భసంచి తీసేటప్పుడు వెల్లకిలా పడుకోబెడతాం కాబట్టి కడుపులోని అవయవాల బరువు, ఛాతీని కడుపును వేరుచేసే కండరమైన ఉదరవితానం మీద పడి, ఊపిరితిత్తుల కింది భాగాలు ముడుచుకుంటాయి. బాగా ఒళ్లు చేసిన లాబ్రడార్‌లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

శ్వాసలు లెక్కపెడితే చాలదా అని కొందరు అడుగుతారు. చాలదు. 20 కిలోల కుక్క ఒక్కో శ్వాసలో సుమారు 200 నుంచి 300 మిల్లీలీటర్ల గాలి తీసుకుంటే, అందులో దాదాపు మూడో వంతు ముక్కు, గొంతు, శ్వాసనాళాల్లోనే ఉండిపోయి, రక్తంతో వాయువులు మార్చుకునే చోటికి చేరదు. శ్వాస చిన్నదైనా ఆ వృథా వాటా చిన్నది కాదు. అందువల్ల నిమిషానికి 10 నిండు శ్వాసలు తీసే కుక్క క్షేమంగా ఉండి, 40 పైపై శ్వాసలు తీసే కుక్క ప్రమాదంలో ఉండవచ్చు. పక్కనుంచి చూసేవారికి రెండోదే చురుగ్గా ఊపిరి తీస్తున్నట్టు కనిపిస్తుంది. ఎండలో నాలుక చాచి వగర్చే కుక్క కూడా ఎక్కువగా ఆ పై దారుల్లోనే గాలి ఆడించి ఒంటి వేడి తగ్గించుకుంటుంది.

మందును బట్టి కూడా తీరు మారుతుంది. పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్‌ను గబగబా ఎక్కిస్తే ఊపిరి కాసేపు ఆగిపోవచ్చు; నిమిషం, నిమిషంన్నర పాటు నిదానంగా ఇస్తే ఆ ముప్పు తగ్గుతుంది. కీటమిన్ ఇచ్చిన కుక్క గాలి పీల్చి, కాసేపు బిగబట్టి, ఆ తర్వాత వదలడం చూసి కొత్తవారు కంగారు పడతారు. జైలజిన్‌తో కీటమిన్ కలిపి ఇచ్చి, ఆక్సిజన్ లేకుండా బయటి గాలి మీదే ఆపరేషన్ ముగించడం మన దేశంలో వాడుకలో ఉన్న పద్ధతి. అది చౌక, త్వరగా అవుతుంది, పెద్ద సంఖ్యలో చేయవలసిన చోట దాన్ని పూర్తిగా వదిలేయమనడం నా ఉద్దేశం కాదు. అయితే 21 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి మీద ఆధారపడిన కుక్కకు ఊపిరి ఆగితే సరిదిద్దే వ్యవధి చాలా తక్కువ. కాబట్టి శ్వాసనాళంలో వేసే గొట్టం, గాలి అందించే సంచి, జైలజిన్‌కు విరుగుడు మందు ఆపరేషన్ బల్ల పక్కనే ఉండాలి. తాళం వేసిన బీరువాలో ఉంటే లేనట్టే.

కరోనా కాలంలో ఇంటింటికీ చేరిన పల్స్ ఆక్సీమీటర్ మీద అందరికీ గురి కుదిరింది. కుక్క నాలుకకు దాన్ని తగిలించి 98 కనిపించగానే గదిలో అందరూ నిశ్చింతగా ఉంటారు. నిజానికి ఆక్సిజన్ పీలుస్తున్న కుక్కకు ఊపిరి సగానికి పడిపోయినా ఆ 98 చాలాసేపు అలాగే నిలుస్తుంది. ఈలోగా కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూనే ఉంటుంది. ఆక్సిజన్ తీసివేశాక గాని అంకె జారదు. అది 90కి వచ్చేసరికి రక్తంలో ఆక్సిజన్ పీడనం 60 దాకా పడిపోయి ఉంటుంది, అక్కడి నుంచి పతనం వేగంగా ఉంటుంది. వదిలిన ప్రతి ఊపిరిలోనూ కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే క్యాప్నోగ్రాఫ్ ఈ సంగతిని ఎంతో ముందే చెబుతుంది, గొట్టం ఊడినా, ఆహారనాళంలోకి వెళ్లినా పట్టిస్తుంది. డిజిటల్ ఎక్స్‌రే ఉందని వీధి చివరి దాకా బోర్డులు పెట్టుకునే క్లినిక్కులు దీన్ని కొనే స్తోమత లేదంటే నమ్మడం కష్టం.

ఇక మెలకువ వచ్చే దశ. బ్రిటన్‌లో 2002 నుంచి 2004 వరకు 98,036 కుక్కలను పరిశీలించిన అధ్యయనంలో మత్తుకు సంబంధించిన మరణాలు మొత్తం మీద 0.17 శాతం, ఆరోగ్యంగా ఉన్నవాటిలో 0.05 శాతం. ముప్పు చిన్నదేనని యజమానులు ధైర్యం తెచ్చుకోవచ్చు. కాని ఆ మరణాల్లో దాదాపు సగం ఆపరేషన్ ముగిశాక, అందులోనూ ఎక్కువగా మొదటి మూడు గంటల్లో జరిగాయి. మన దగ్గర సరిగ్గా ఆ వేళలోనే కుక్కను కారు వెనుక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్లిపోతారు. నగరంలోని అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించే పగ్, షిట్జు వంటి చప్పిడి ముక్కు జాతులకు ముక్కురంధ్రాలు ఇరుకు, అంగిలి వెనుక మెత్తని కండ పొడవు. సగం మత్తులో ఉండగా గొట్టం తీసేస్తే ఆ కండ గాలిదారిని మూసేయగలదు. అవి తల ఎత్తి, గొట్టాన్ని ఇక భరించలేని దాకా దాన్ని ఉంచి, ఛాతీ మీద పడుకోబెట్టి, నాలుక ముందుకు లాగి, ఆ తర్వాత కూడా కనిపెట్టి ఉండాలి. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ ఎండలో అలాంటి కుక్కను ఏసీ లేని ఆటోలో ఇంటికి పంపడం అజాగ్రత్త తప్ప మరొకటి కాదు.

కుక్కను ఆపరేషన్‌కు తీసుకెళ్లే పాఠకులు మత్తు చూసే మనిషి వేరుగా ఉన్నారా, గొట్టం వేస్తారా, లేచాక ఎంతసేపు ఉంచుకుంటారు అని ముందే అడగాలి. ఈ ప్రశ్నలకు మంచి డాక్టరు ఎవరూ నొచ్చుకోరు. సంతాన నియంత్రణ కేంద్రాలను ఏజెన్సీలకు అప్పగించే ఒప్పందాల్లో, కత్తి పట్టే డాక్టరు కాకుండా ఊపిరిని చూడటమే పనిగా శిక్షణ పొందిన ఒక సహాయకుడు ప్రతి బల్ల దగ్గర ఉండాలన్న షరతును అధికారులు చేర్చాలి. ఇక మీ విలేఖరులు శస్త్రచికిత్సల సంఖ్యను అడిగి రాసే ప్రతిసారీ, వాటిలో మత్తు నుంచి తేరుకోనివి ఎన్ని అని కూడా అడిగి ఆ సంఖ్యను పక్కనే అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత పశువైద్యుడు,
రాజేంద్రనగర్, హైదరాబాద్