సమాధిని కదిలించకండి, ఫలకం పెట్టండి

సంపాదకులకు,

మద్రాసు హైకోర్టు పక్కన, పాత లా కాలేజీ ఆవరణలోని సమాధిని తరలించాలని 2023లో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆదేశించిన నాటి నుంచి దాని మీద వాదన తెగడం లేదు. కేసు సంగతి న్యాయమూర్తులు చూసుకుంటారు. కానీ తరలించమనేవాళ్లూ వద్దనేవాళ్లూ దాన్ని ఒకప్పటి మద్రాసు గవర్నరు ఏల్ దొర ఇంటి వ్యవహారంగానే మాట్లాడుతున్నారు. చెన్నపట్నం తెలుగువాడిగా నాకది మింగుడు పడటం లేదు.

ఆ సమాధిలో ఉన్నది 1680లో చనిపోయిన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జోసెఫ్ హిన్మర్స్, పసితనంలోనే పోయిన డేవిడ్ ఏల్. హిన్మర్స్ వితంతువును పెళ్లాడిన ఎలైహు ఏల్ ఆ పిల్లవాడి తండ్రి, 1687 నుంచి 1692 వరకు ఇక్కడి గవర్నరు. అతని హయాంలో ఈ రేవు నుంచి మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించారు. అతని మీద గౌరవంతో సమాధిని ఉంచమని ఎవరూ అడగనక్కర్లేదు.

విలువంతా అది నిలిచిన చోటుది. సెయింట్ జార్జి కోటకు ఉత్తరాన ఇప్పుడు హైకోర్టు ఉన్న నేల మీదే తొలినాటి నల్లపట్నం, అంటే కోట బయట మనవాళ్లు బతికిన ఊరు, ఉండేది. కంపెనీతో బేరసారాలు నడిపిన తెలుగు వర్తకుల ఇళ్లు, కంపెనీ దుబాసీ బేరి తిమ్మప్ప పేరుతో ముడిపడిన చెన్నకేశవస్వామి గుడి అక్కడివే. 1746లో కోటను పట్టుకున్న ఫ్రెంచివారు ఆ ఊరిని కొంత కూల్చారు. కోట మళ్లీ చేతికొచ్చాక, ఫిరంగులకు అడ్డు ఉండకూడదని ఇంగ్లీషువారు మిగతాది నేలమట్టం చేశారు. గుడి దేవరాజ మొదలి వీధి వైపు కొత్తగా లేచింది, జనం ఉత్తరానికి జరిగారు. ఈ సమాధి ఉన్న ఇంగ్లీషువారి శ్మశానం మాత్రం ఉండిపోయింది. 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ సైన్యం కోట ముట్టడికి వచ్చి ఆ ఎత్తైన సమాధులనే చాటు చేసుకుంది. ముట్టడి తొలగాక దాదాపు అన్నింటినీ పడగొట్టారు. ఆ పాత ఊరి ఆనవాలుగా అక్కడ మిగిలినది ఇంచుమించు ఈ సూదిమొన కట్టడమే.

తరలిస్తే ఏమవుతుందో చూడాలంటే కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి వెళ్లండి. పడగొట్టిన సమాధుల పలకలను తెచ్చి చర్చి చుట్టూ నేలకు పరిచారు. లాటిన్, పోర్చుగీసు, ఆర్మీనియన్, ఇంగ్లీషు అక్షరాలు, కుటుంబ చిహ్నాలు. 1652లో చనిపోయిన ఎలిజబెత్ బేకర్ పలక కూడా అక్కడిదే. జనం చెప్పులతో నడిచిన చోట అక్షరాలు అరిగి వేలితో తడిమితే గాని అందవు. ఏ పలక కింది మనిషి ఏ మూలన ఉన్నాడో ఇక తెలిసే దారి లేదు. రాళ్లు భద్రంగానే ఉన్నాయి, శ్మశానమే లేదు.

సమాధిని తరలించాలనడానికి చెబుతున్న కారణం పార్కింగు భవనం. లాయర్లకు, కక్షిదారులకు వాహనాలు నిలిపే చోటు లేదన్నది నిజమైన బాధే. రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్లలో కొత్త నిర్మాణం కూడదని చట్టం చెబుతోంది కాబట్టి, పార్కింగు భవనాన్ని ఆ పరిధి దాటించి కట్టాలి. బర్మా బజారు నుంచి ప్యారీస్ కార్నర్ దాకా రోజూ ఇరుక్కునే నేను కూడా ఆ మాటే అంటాను.

పురావస్తు శాఖ చేయవలసింది ఒకటుంది. తమిళం, తెలుగు, ఇంగ్లీషు భాషల్లో ఒక ఫలకం పెట్టాలి. అందులో ఏల్ కథతో పాటు అతని బానిసల వ్యాపారం, కూల్చిన నల్లపట్నం, వీధులు కట్టుకుని బతికి చెదిరిపోయిన వర్తకులు, నేతగాళ్లు కూడా ఉండాలి. కోర్టు భద్రత వల్ల మామూలు రోజుల్లో లోపలికి వెళ్లడం కష్టమైతే, కనీసం ఆదివారాలు ఒక గేటు తెరిచి జనాన్ని రానివ్వాలి.

— ఒక పాఠకుడు, పురసవాక్కం, చెన్నై