డిస్ప్నియా కొత్త రోగమేమీ కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన నెల మా అత్తయ్యను చెన్నైలో ఒక ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. డిశ్చార్జి కాగితంలో ‘డిస్ప్నియా’ అని చూసి ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఇదేం రోగమోనని ఆవిడ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. తీరా చూస్తే అది ఆయాసమే. రోగం పేరు కూడా కాదు, లక్షణం. గుండె జబ్బు, ఉబ్బసం, రక్తహీనత, దేనివల్లయినా రావచ్చు.

మాట గ్రీకుది. ‘డిస్’ అంటే చెడు, కష్టం. ‘ప్నియా’ అంటే శ్వాస. ఆ ‘డిస్’కు మన దుర్గంధం, దుర్దశల్లోని ‘దుర్’ దాయాదే. ఆ లెక్కన ‘దుశ్శ్వాస’ అనొచ్చు గానీ, అది వింటే అత్తయ్య ఇంకా హడలిపోయేది! పడుకుంటే ఆయాసం వచ్చి, లేచి కూర్చుంటే తగ్గితే ఆర్థాప్నియా. ‘ఆర్థో’ అంటే నిటారు. ఊపిరి ఆగిపోతే అప్నియా. అందులో ‘అ’ మన అశాంతిలోని ‘అ’ లాంటిదే.

ఇక్కడి నర్సులు తమిళంలో ‘మూచ్చు తిణరల్’ అని చక్కగా చెబుతారు. కాగితం మీద మాత్రం గ్రీకే. కనీసం మీ ఆరోగ్యం పేజీలోనైనా ఇలాంటి పేర్ల పక్కన ‘ఆయాసం’ అని ఒక్క ముక్క వేయండి.

– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై