ఉద్యోగం ఇచ్చేవారికి జబ్బు సంగతి ఎప్పుడు చెప్పాలి

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇంటర్వ్యూలు మొదలవుతున్నాయని చెబుతూ, హాడ్జ్‌కిన్ లింఫోమాకు, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్‌కు, చికిత్స తీసుకున్న సంగతి ముందుగానే చెప్పేయాలా, అడిగితేనే చెప్పాలా, అసలు చెప్పకుండా ఉండవచ్చా అని నన్ను అడిగావు. ఫోనులో రెండు మాటల్లో తేలే విషయం కాదు కనుక తీరిగ్గా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఆఫర్ లెటర్ చేతికి వచ్చేవరకు నీ అంతట నువ్వు ఆ ప్రస్తావన తేవద్దు.

దీనికి నాకు కనిపించే అతి పెద్ద కారణం ఒకటుంది. ఆఫర్‌కు ముందు ఎవరినైనా వద్దనుకున్న సంస్థ కారణం చెప్పదు. మరింత అనుభవం ఉన్నవారు దొరికారని ఒక వాక్యం రాసి పంపుతుంది, ఒక్కోసారి అదీ పంపదు. నీ జబ్బు గురించి విన్నాక వాళ్ళు వెనకాడారా, నిజంగానే నీకంటే తగినవారు దొరికారా అన్నది నీకు ఎప్పటికీ తెలియదు. అలాంటి జవాబులు వరుసగా నాలుగు వస్తే, లోపం నీ చదువులో ఉందో, మాటతీరులో ఉందో, జబ్బు పేరులో ఉందో తేల్చుకోలేక నలిగిపోతావు. అదే ఆఫర్ ఇచ్చాక, అంతవరకు నీ అర్హతల్లో ఏ వంకా కనబడని వాళ్ళు నీ వైద్య వివరాలు చూసిన మర్నాడు వెనక్కి తగ్గితే, కారణం ఏమిటో ఎవరికైనా తెలిసిపోతుంది. అప్పుడు ప్రశ్నించడానికి నీ చేతిలో కాగితం ఉంటుంది.

ఇది నా సొంత తెలివి కాదు. నువ్వు దరఖాస్తులు పంపిన సంస్థలు వేర్వేరు దేశాల్లో ఉన్నాయి కాబట్టి ఆయా చట్టాలు చదివాను. అమెరికాలో 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం గీత గీసింది సరిగ్గా ఇక్కడే. 15 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థ ఆఫర్‌కు ముందు నీ జబ్బుల గురించి అడగకూడదు, వైద్య పరీక్ష పెట్టకూడదు. ఈ పని చేయగలవా అని మాత్రం అడగవచ్చు. ఆఫర్ ఇచ్చాక వైద్య ప్రశ్నలు వేయవచ్చు గాని, అదే తరహా ఉద్యోగంలో చేరుతున్న అందరికీ వేయాలి, జవాబులను మామూలు ఉద్యోగ ఫైలులో కలపకుండా విడిగా, గోప్యంగా ఉంచాలి. జబ్బు తగ్గిపోయినవాళ్ళకు ఈ రక్షణ ఉండదేమోనన్న నీ సందేహానికి 2008లో చేసిన సవరణలో జవాబు ఉంది: జబ్బు ప్రస్తుతం అణిగి ఉన్నా, అది చురుగ్గా ఉన్నప్పుడు మనిషి జీవితాన్ని గణనీయంగా కట్టడి చేసేదైతే, చట్టం దాన్ని వైకల్యంగానే లెక్కిస్తుంది.

బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టంలోని 60వ సెక్షను కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది. ఇంటర్వ్యూకు ఏదైనా ఏర్పాటు కావాలా అని తెలుసుకోవడానికో, ఆ పనికి తప్పనిసరైన సామర్థ్యం ఉందో లేదో చూడడానికో తప్ప ఆఫర్‌కు ముందు ఆరోగ్యం గురించి ప్రశ్నలు వేయకూడదు. ఆ చట్టం క్యాన్సర్‌ను నిర్ధారణ అయిన రోజునుంచే వైకల్యంగా పరిగణిస్తుంది. పూర్తిగా నయమైన తరువాత కూడా రక్షణ తొలగిపోదు.

భారతదేశంలో పరిస్థితి ఇంత స్పష్టంగా లేదు. హెచ్‌ఐవీ విషయంలో మాత్రం 2017 నాటి చట్టం ఆ పరీక్షను ఉద్యోగానికి షరతుగా పెట్టకూడదని గట్టిగా చెప్పింది. వికలాంగుల హక్కుల 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది గాని అందులో క్యాన్సర్ లేదు. ఆఫర్‌కు ముందు ఆరోగ్య ప్రశ్నలు అడగరాదని అన్ని ఉద్యోగాలకూ వర్తించే నిషేధం అక్కడ లేదు కనుక, భారతీయ సంస్థల ఇంటర్వ్యూలో సూటిగా అడుగుతారని సిద్ధపడే వెళ్ళు.

నువ్వు రాసిన ఒక మాట నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. చెప్పకుండా చేరితే మోసం చేసినట్టు అనిపిస్తుందని రాశావు. మీ అమ్మ కూడా ఆ పక్షమే. మొదటే చెప్పేస్తే మనసు తేలికపడుతుందని, తెలిసి తీసుకున్నవాళ్ళే తరువాత అండగా నిలబడతారని ఆమె నమ్మకం. ఆ మాటలో నిజం లేదని నేను అనను. కానీ ఉద్యోగం ఇచ్చేవాడికి నీ నుంచి రావలసినది ఆ పని చేయగలిగిన శక్తి, చేస్తానన్న మాట. ఆ రెండింటి విషయంలో నువ్వు ఏదైనా దాస్తే అది మోసమే. చికిత్స ముగిసి, డాక్టర్లు మామూలుగా పని చేసుకోవచ్చని చెప్పిన తరువాత, ఒకప్పుడు నీ మెడ దగ్గర గడ్డ ఉండేదన్న సంగతి ఆ లెక్కలోకి రాదు.

ఇక్కడ నీ మందుల విషయమే తీసుకో. నీకు ఇచ్చిన కీమోథెరపీలో బ్లియోమైసిన్ అనే మందు ఉంది. అది ఊపిరితిత్తులను దెబ్బతీయగలదు కనుక, ఎప్పుడు ఏ ఆపరేషన్ అవసరమైనా మత్తు ఇచ్చే డాక్టరుకు ఆ సంగతి చెప్పి తీరాలి. ఆక్సిజన్ ఎంత మోతాదులో ఇవ్వాలన్నది ఆయన దాన్ని బట్టి ఆలోచిస్తారు. సముద్రం అడుగున డైవింగ్ చేసే ఉద్యోగానికి వెళ్తున్నా చెప్పాలి. కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కలు విశ్లేషించే ఉద్యోగానికి ఆ సంగతితో పని లేదు. ఎవరికి చెప్పాలి అన్న ప్రశ్నకు జవాబు, వినేవారు దానితో ఏం చేయబోతున్నారు అన్నదాని మీద ఆధారపడుతుంది. అందుకే నేను ఎవరికీ చెప్పవద్దని అనడం లేదు.

చెప్పకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. రెండోది మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. రెజ్యూమేలో చికిత్స కాలం ఖాళీగా కనబడుతుందని భయపడి ఎక్కడో ఫ్రీలాన్స్ పని చేసినట్టు రాయాలనుకుంటున్నానన్నావు. ఆ ఆలోచన మానుకో. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పాత సంస్థలను అడిగి తేదీలు సరిచూస్తారు. జబ్బు వల్ల ఉద్యోగం పోతే న్యాయం నీ వైపు ఉంటుంది, అబద్ధం వల్ల పోతే ఎవరూ నీ వైపు ఉండరు. ఖాళీ గురించి అడిగితే, "ఆరోగ్య కారణంగా విరామం తీసుకున్నాను, అది ముగిసింది, ఇప్పుడు పూర్తికాలం పనికి సిద్ధంగా ఉన్నాను" అని చెప్పి, ఆ విరామం చివరి నెలల్లో నువ్వు పూర్తి చేసిన కోర్సు మీదికి మాట మళ్ళించు. ఇంకా గుచ్చి అడిగితే, "ఈ పనికి అడ్డు వచ్చేది ఏదీ లేదు" అని మర్యాదగా చెప్పి ఆగిపో. ఈ మాటలు గొంతు వణకకుండా వచ్చేదాకా ఇంట్లో పైకి చెప్పుకో.

ఆఫర్ తరువాత వచ్చే వైద్య ఫారం అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసిన కాగితం, ఎందుకంటే అందులో తప్పు సమాచారం ఇస్తే ఉద్యోగం నుంచి తొలగిస్తామన్న షరతు కింద నీ సంతకం ఉంటుంది. ప్రశ్నను అక్షరం అక్షరం చదువు. ప్రస్తుతం ఏదైనా వ్యాధికి చికిత్స పొందుతున్నారా అని అడిగితే ఒక జవాబు, గత ఐదేళ్లలో అని అడిగితే మరో జవాబు, ఎప్పుడైనా అని అడిగితే ఇంకో జవాబు. అడిగినదానికి నిజం రాయి, అడగనిది రాయవద్దు.

ఫారంలోని ప్రతి ప్రశ్నా న్యాయమైనదే అయి ఉండాలని లేదు. 1991లో భారత సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో, జీవిత బీమా సంస్థ తన ఫారంలో మహిళా అభ్యర్థుల నెలసరి వివరాలు, గర్భధారణ వివరాలు అడిగి, తప్పు సమాచారం ఇచ్చిందన్న కారణంతో ఒక ఉద్యోగినిని ప్రొబేషన్‌లో తొలగించింది. కోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమని, ఆ ప్రశ్నలను ఫారంలోంచి తీసివేయమని ఆదేశించింది. ఆమె గెలిచింది నిజమే, కానీ అందుకు సుప్రీంకోర్టు దాకా వెళ్ళవలసి వచ్చింది. నీకు ఆ ప్రయాస వద్దు. అనుచితమనిపించే ప్రశ్న ఎదురైతే తప్పు జవాబు రాసే బదులు, ఈ సమాచారం ఎందుకు, ఎవరు చూస్తారు అని ఈమెయిల్‌లో అడుగు. సంస్థకు సొంత డాక్టరు ఉంటే వివరాలు నేరుగా వారికే పంపుతానని చెప్పు.

అందుకోసం నీ క్యాన్సర్ డాక్టరు, అదే ఆంకాలజిస్టు దగ్గర ఒక చిన్న ఉత్తరం ఇప్పుడే తీసుకుని పెట్టుకో. చికిత్స పూర్తయిందని, ఫలానా పనికి ఆరోగ్యరీత్యా యోగ్యురాలని, ఇకమీదట చెకప్‌లు మాత్రమే ఉంటాయని రాస్తే చాలు. డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ రిపోర్టులు మొత్తం ఎవరి చేతికీ ఇవ్వవద్దు; వాటిని అర్థం చేసుకోలేనివారు భయపడతారు. ఆరోగ్య బీమా, జీవిత బీమా ఫారాల విషయం పూర్తిగా వేరు. అక్కడ అడిగినది దాస్తే రేపు క్లెయిమ్ తిరస్కరిస్తారు.

చెకప్‌లకు వెళ్ళడానికి సెలవు కావాలన్నా, సాయంత్రాలు ఇంకా నీరసం వస్తోంది కనుక మొదటి నెలల్లో పని వేళల్లో సడలింపు కావాలన్నా, ఆఫర్ లిఖితంగా వచ్చాక, చేరే తేదీ ఖరారు చేసుకునేటప్పుడు అడుగు. అప్పుడైతే వాళ్ళకు ఏర్పాటు చేయడానికి వ్యవధి ఉంటుంది. చేరాక అలసిపోయి, పని జాప్యమై, అప్పుడు చెబితే సాకులా వినిపిస్తుంది. అడిగేటప్పుడు కూడా ఏం కావాలో చెప్పు, జబ్బు కథంతా అక్కర్లేదు.

రెఫరెన్సుగా ఎవరి పేరు ఇస్తున్నావో వారితో ముందే మాట్లాడు. నీ పాత మేనేజరు మంచివాడే, నీ మీద అభిమానం ఉన్నవాడే, కానీ ఆ అభిమానంతోనే నువ్వు ఎంత ధైర్యంగా క్యాన్సర్‌ను ఎదుర్కొన్నావో పొగుడుతూ చెప్పేయగలడు. పని గురించే మాట్లాడమని స్పష్టంగా కోరు. ఆసుపత్రిలో ఉండగా నువ్వు ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టులు అందరికీ కనబడేలా ఉంటే, వాటిని స్నేహితులకు మాత్రమే కనబడేలా మార్చు. నువ్వు రాసినదానికి సిగ్గుపడవలసినది ఏమీ లేదు, అవి చదివి నాలాంటి తల్లిదండ్రులు కొందరు ధైర్యం తెచ్చుకున్నారని నాకు తెలుసు. అయినా ఎప్పుడు ఎవరికి చెప్పాలన్న నిర్ణయం నీ చేతిలో ఉండాలంటే ఆ పని చేయక తప్పదు.

ఇవన్నీ చదివిన తరువాత కూడా ముందే చెప్పాలనిపిస్తే చెప్పు, నేను అడ్డు చెప్పను. జబ్బు పడినది నువ్వు, రేపు ఆ ఆఫీసులో కూర్చోబోయేదీ నువ్వే. మొదటి వైద్య ఫారం రాగానే సంతకం చేసే ముందు నాకు ఒక కాపీ పంపు, ఇద్దరం కలిసి చదువుదాం. ఆంకాలజిస్టు అపాయింట్‌మెంటు ఈ వారంలోనే తీసుకో.

ఇట్లు,
నాన్న