కుంగుబాటు: ముందు చిన్న పని, తర్వాతే ఉత్సాహం

సంపాదకులకు నమస్కారం.

కుంగుబాటు గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. డిప్రెషన్ గురించి పత్రికలు సంకోచం లేకుండా రాయడం మంచి మార్పే. అయితే వ్యాసం చివర ఇచ్చిన సలహాల్లో ఎక్కువ భాగం ‘ఉల్లాసంగా ఉండండి, మంచి ఆలోచనలు చేయండి, నచ్చిన వ్యాపకం పెట్టుకోండి’ అన్న ధోరణిలోనే సాగాయి. ఏదీ నచ్చకపోవడమే ఈ జబ్బు ముఖ్య లక్షణమైనప్పుడు, నచ్చిన పని చేయమని చెబితే రోగికి ఒరిగేదేమిటి? పశ్చిమ గోదావరి జిల్లాలో ఏఎన్‌ఎంగా, తర్వాత హెల్త్ సూపర్‌వైజరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన నేను, ఆచరణకు పనికొచ్చే కొన్ని సంగతులు మీ పాఠకుల ముందుంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా పల్లెల్లో కుంగుబాటుతో ఉన్నవారు దిగులుగా ఉందని చెప్పుకుంటూ రారు. తల భారమనీ, ఒళ్లంతా నొప్పులనీ, అన్నం సయించడం లేదనీ, తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదనీ వస్తారు. ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుని, బలానికి ఇంజెక్షన్ చేయించుకుని నెలల తరబడి గడుపుతారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, పెద్దవారిలో ప్రతి 20 మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు లోనవుతున్నారు. ఆ బాధ ఉన్నవారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ 12 రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాల్లో ఒక్కటీ లేదు, అది వేరే సంగతి.

కుంగుబాటు మనిషిని ఎలా పట్టి ఉంచుతుందో గమనిస్తే, బయటపడే దారి కూడా కొంత కనిపిస్తుంది. మనసు బాగోలేదని పని మానేస్తారు, గడప దాటరు, పలకరించేవారు తగ్గిపోతారు, చేయవలసిన పనులు పేరుకుపోయి తాను దేనికీ కొరగాననే భావన బలపడుతుంది, దానితో మంచం దిగడం మరింత కష్టమవుతుంది. ఈ చుట్టును ఆలోచనల వైపు నుంచి తెంచడం కంటే చేతల వైపు నుంచి తెంచడం చాలామందికి సులువు. ఉత్సాహం వచ్చాక పని చేద్దామని ఎదురుచూడకుండా, ఉత్సాహం లేకపోయినా అనుకున్న వేళకు ఒక చిన్న పని చేయడం, ఉత్సాహం సంగతి తర్వాత చూసుకోవడం అన్నమాట. మనస్తత్వ నిపుణులు దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. గోవాలో 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, మానసిక వైద్యంలో డిగ్రీలేవీ లేని స్థానికులకు శిక్షణనిచ్చి, తీవ్రమైన కుంగుబాటుతో ఉన్నవారికి ఆరు నుంచి ఎనిమిది విడతల్లో వారి ద్వారా ఈ పద్ధతి నేర్పించారు. ‘లాన్సెట్’ వైద్య పత్రిక 2017లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, మూడు నెలలకు ఈ సాయం పొందినవారిలో 64 శాతం మంది కోలుకోగా, మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 39 శాతం మందే కోలుకున్నారు.

ఇంట్లో దీన్ని మొదలుపెట్టడానికి పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండరు చాలు. రేపు ఏం చేయాలో ఈ రాత్రే అందులో ఒక్క పని రాసుకోవాలి. ‘ఇల్లు సర్దాలి’ అని కాదు, ‘పది గంటలకు బీరువాలో పై అర సర్దాలి’ అని వేళతో సహా రాయాలి. పనికి ముందు మనసు ఎలా ఉందో, తర్వాత ఎలా ఉందో సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేసుకోవాలి. సున్నా అంటే బొత్తిగా బాగోలేదని, పది అంటే చాలా బాగుందని. రెండున్న అంకె మూడుకు పెరిగితే చాలు, తొమ్మిది కానక్కరలేదు. కొన్ని వారాలు ఇలా రాస్తే ఏ పని తన మనసును కాస్తయినా కదిలిస్తోందో ఎవరికి వారికే తెలుస్తుంది. ఒకరికి అది గుడిలో భజన కావచ్చు, మరొకరికి పెరట్లో పాదులకు నీళ్లు పెట్టడం కావచ్చు. సంతోషాన్నిచ్చే పనులతో పాటు, కరెంటు బిల్లు కట్టి రావడం వంటి ‘ఈ పని నేను చేయగలిగాను’ అనిపించే పనులకూ చోటివ్వాలి. ఈ రెండో రకానికి మనం ఇచ్చే విలువ తక్కువని నాకనిపిస్తుంది.

చాలామందికి ఉదయం పూట దిగులు ఎక్కువగా ఉండి, సాయంత్రానికి కాస్త తేలికపడుతుంది. అటువంటివారు పెద్ద పనులను పొద్దున్నే పెట్టుకోకుండా, రాత్రి నిద్ర పట్టినా పట్టకపోయినా ఒకే వేళకు లేవడం, స్నానం చేయడం, వాకిట్లో ఎండపొడలో కాసేపు తిరగడం వరకు చేస్తే ఆ పూటకు సరిపోతుంది. నడక పది నిమిషాలతో మొదలుపెట్టవచ్చు. తోడుంటే మానేసే రోజులు తగ్గుతాయి. మధ్యాహ్నం దాటాక టీ, కాఫీలు తగ్గించాలి. నిద్ర కోసమని మద్యం తాగే మగవారికి ఒక మాట: అది త్వరగా నిద్ర పట్టించినా, సగం రాత్రి దాటాక ఆ నిద్రనే చెడగొడుతుంది, దిగులునూ పెంచుతుంది.

ఇంట్లోవారి పాత్ర గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ‘నీకేం తక్కువ? అందరికీ లేవా కష్టాలు?’ అన్న మాట ధైర్యం చెప్పడం కాదు, నేరం మోపడం. తనకు కష్టం లేకుండానే ఇలా ఉన్నానని రోగి అప్పటికే తనను తాను నిందించుకుంటూ ఉంటారు. ‘అత్తయ్యా, చిక్కుడుకాయలు తెచ్చాను, అరుగు మీద కూర్చుని ఇద్దరం వలుద్దాం రండి’ అని పిలిచే కోడలు, గంటసేపు హితబోధ చేసే బంధువుల కంటే ఎక్కువ మేలు చేస్తుంది. రాకపోతే నొచ్చుకోకుండా రేపు మళ్లీ పిలవాలి.

ఈ చిన్న పనులకు హద్దు ఉంది. దిగులు, దేనిపైనా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి రోజంతా ఉంటే వైద్యుడికి చూపించాలి. థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా ఇటువంటి నీరసాన్నే కలిగిస్తాయి కనుక రక్తపరీక్ష అవసరమవుతుంది. మందులు రాస్తే గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. వారానికే పని చేయలేదని, లేదా బాగైందని సొంతంగా ఆపేయరాదు. బాలింతల్లో కనిపించే దిగులును ‘మామూలే’ అని వదిలేయరాదు. చచ్చిపోవాలన్న మాట ఎవరి నోట వచ్చినా బెదిరింపుగా కొట్టిపారేయకుండా, ఒంటరిగా వదలకుండా, ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే తాళం వేసి, అదే రోజు సాయం కోరాలి. తెలంగాణలో ఎర్రగడ్డ, మా వైపు విశాఖ మానసిక ఆసుపత్రుల పేర్లను ఎగతాళికి వాడే అలవాటు వల్ల, సాయం అందుబాటులో ఉన్న ఊళ్లో కూడా జనం వెళ్లడానికి జంకుతున్నారు.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన, ఫోన్‌లోనే మానసిక సాయం అందించే టెలీ మానస్‌ సేవకు 14416 నంబరులో రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు తెలిసినవారు మా వీధిలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. గోవాలో చేసినట్టుగా మన ఆశా కార్యకర్తలకు శిక్షణనిచ్చి, నెలకు ఒకటి రెండు సార్లయినా ఇటువంటివారి ఇళ్లకు పంపాలని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అదనపు పనికి అదనపు పారితోషికం ఇవ్వాలన్నది కూడా నా అభ్యర్థనలో భాగమే. ఇక మీకు నా మనవి ఒక్కటే: కుంగుబాటుపై వ్యాసం వచ్చిన రోజున మాత్రమే కాకుండా, బంగారం ధరలు ఇచ్చే పేజీలో ప్రతిరోజూ 14416ను ప్రచురించగలరు.

ఇట్లు,
విశ్రాంత హెల్త్ సూపర్‌వైజర్,
తణుకు